కంబాలకొండ ఆదివారాలు

మా నాన్నకి అడవిలో మాటలు నచ్చవు. ఇంట్లోనూ తక్కువే మాట్లాడేవాడు. విశాఖపట్నంలో హనుమంతవాక దాటి, జూపార్కుకి ఎదురువైపు ఉన్న కంబాలకొండ గేటు లోపల అడుగు పెట్టాక మాత్రం ఆయన చెయ్యే మాట్లాడేది. అరచెయ్యి కిందకి దించితే ఆగమని. రెండు వేళ్లు పైకి చూపిస్తే కొమ్మల్లో ఏదో ఉందని. చెవి పక్కన వేలు పెడితే వినమని. నా చిన్నతనపు ఆదివారాలు చాలావరకు ఈ మూడు సైగలతోనే గడిచాయి. ఈ మధ్య ఆ మూడో సైగ పదేపదే గుర్తుకొస్తోంది. అందుకే ఇదంతా రాయాలనిపించింది.

మొదటిసారి వెళ్లింది 2004 వేసవిలో. నా ఆరో తరగతి పరీక్షలు అయిపోయాయి. అప్పుడు ఇసుకతోటలో అద్దెకి ఉండేవాళ్లం. నాన్న గాజువాక వైపు ఒక వర్క్‌షాపులో ఫిట్టరు. వారంలో ఆరు రోజులు ఇనుము మీద ఇనుము కొట్టే చప్పుడులో ఉండి వచ్చేవాడు. రాత్రి అన్నం తినేటప్పుడు అమ్మ ఏదైనా అడిగితే ఒక్కోసారి రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది. "చెవుల్లో ఇంకా మోగుతోందే" అనేవాడు. ఆదివారం వస్తే చాలు, చీకటితోనే లేచి చేతక్ బండి బయటికి తీసేవాడు.

"ఎక్కడికి నాన్నా?" అని అడిగాను ఆ మొదటి రోజు.

"చెవులు కడుక్కుని వద్దాం, రా" అన్నాడు.

నాన్నది చోడవరం దగ్గర కొండ కింద పల్లెటూరు. చిన్నప్పుడు ఆవుల వెనక కొండెక్కి తిరిగినవాడు. విశాఖపట్నంలో కొండలకి కొదవ లేదు కానీ, మేం చూస్తుండగానే ఒక్కో కొండ మీదకీ ఇళ్లు ఎక్కిపోతూ వచ్చాయి. కంబాలకొండకి ఆ గతి పట్టలేదు. ఒకప్పుడు విజయనగరం రాజుల చేతిలో ఉన్న అడవి ఇది. 1970లో అటవీ శాఖ చేతికి వచ్చింది, 2002లో అభయారణ్యమైంది. 70 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. లారీలు ఆగకుండా పోయే జాతీయ రహదారి పక్కనే, ఊరిని ఆనుకుని ఇంత అడవి ఉందంటే పైఊరి చుట్టాలు నమ్మేవాళ్లు కాదు. మేం తిరిగే రోజుల్లో ఆ రహదారి నంబరు 5, ఇప్పుడు 16 అంటున్నారు.

గేటు దగ్గర టికెట్టు తీసుకుని కాస్త దూరం నడిస్తే లారీల మోత పలచబడేది. ఇంకో మలుపు తిరిగితే దూరంగా ఎవరో చాప చుట్టుతున్నట్టు వినిపించేది. ఆ తర్వాత అదీ ఉండేది కాదు. నాన్న అక్కడ ఒక్క నిమిషం ఆగేవాడు. కళ్లు మూసుకునేవాడు. భుజాలు దిగడం నాకు తెలిసేది. ఆ వయసులో అదేమిటో అర్థం కాలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆఫీసు నుంచి బయటికొచ్చి ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ప్రతిసారీ ఆ భుజాలే కళ్ల ముందుకొస్తాయి.

ఆ మొదటి రోజే సింహం గర్జన విన్నాను. కాళ్లు వణికి నాన్న చొక్కా పట్టుకున్నాను. ఆయన నవ్వి రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. జూలో సింహానికి తెల్లవారింది, అంతే. జూపార్కు కూడా ఈ కంబాలకొండ రిజర్వు అడవిలోదే, మధ్యలో రోడ్డు పోతుంది. బోనులో ఉన్న సింహం గొంతు ఈవలి అడవంతా వినిపిస్తుంటే, ఈవల నిజంగానే తిరుగుతున్న చిరుత మాత్రం అడుగు చప్పుడైనా వినిపించనివ్వదు. ఇన్నేళ్లలో మేం దాన్ని చూసిందే లేదు. ఒకసారి వాన వెలిసిన మర్నాడు బురదలో పాదం గుర్తు మాత్రం చూశాం. మాతో వచ్చిన గైడు కొండ కింద ఊరివాడే. దాని పక్కన తన అరచెయ్యి ఆనించి, "రాత్రిదే" అన్నాడు. నాన్న వంగి ఆ గుర్తుని చాలాసేపు చూశాడు. దాన్ని తొక్కకుండా పక్కకి జరిగి నడిచాం.

అడవిలో నడవడం కూడా నేర్చుకోవాల్సిన పనేనని ఆ దారిలోనే తెలిసింది. "కాళ్లు ఈడ్చకే పిల్లా, అడవి ఇనేస్తాది" అనేవాడు. ఎండుటాకుల మీద పాదం ఎలా ఆనించాలో, రాయి కదులుతుందేమో ముందు వేళ్లతో ఎలా తెలుసుకోవాలో చూపించేవాడు. వానాకాలం పోయాక దారికి అడ్డంగా పెద్దపెద్ద సాలీళ్లు గూళ్లు కట్టేవి. ఎండ పడితే ఆ దారాలు బంగారు రంగులో మెరిసేవి. నాన్న వాటిని తెంపనిచ్చేవాడు కాదు. ఇద్దరం వంగి కింద నుంచి దూరి వెళ్లేవాళ్లం. ఒకసారి నేను పట్టుకుచ్చులా మెత్తగా కనిపించిన కాయని ముట్టుకున్నాను. దూలగొండి. చెయ్యంతా మంట, దురద. ఏడుపు తన్నుకొచ్చింది. నాన్న తడిమట్టి తీసి చేతికి మెత్తి, ఆరాక పెళ్లలు పెళ్లలుగా ఊడదీశాడు. గోకకుండా దారంతా నా రెండు చేతులూ తనే పట్టుకుని నడిచాడు.

చెట్లకి నాన్న చెప్పే గుర్తులు ఇంటికి సంబంధించినవి. అంకుడు చెట్టు కనిపిస్తే కాండం మీద చెయ్యి వేసి, "నీ లక్కపిడతలు ఈ కర్రతో చేసినవే" అని గుసగుసగా చెప్పాడు. ఏటికొప్పాక బొమ్మలన్నీ ఆ తెల్లటి మెత్తని కర్రతోనే చేస్తారు. ఇంటికెళ్లి నా బొమ్మల పెట్టె తీసి వాసన చూశాను. లక్క వాసనే తప్ప చెట్టు వాసన రాలేదు. అయినా ఆ రోజు నుంచి అవి ఏదో కొండ మీద నుంచి మా ఇంటికి వచ్చిన చుట్టాల్లా అనిపించేవి.

దారిలో రాళ్లు ఎర్రగా, పొరలు పొరలుగా ఉంటాయి. ఆ రాయిని ఖొండలైట్ అంటారని, మన తూర్పు కనుమల్లో ఉండే ఖోండుల పేరు మీదే ప్రపంచమంతా దాన్ని పిలుస్తుందని కాలేజీలో ఉన్నప్పుడు తెలిసింది. అందులో చిన్నచిన్న ఎర్రటి గార్నెట్ గింజలుంటాయి. కొండ అరిగి, వాననీళ్లలో కొట్టుకొచ్చి అవే సముద్రం ఒడ్డుకి చేరతాయి. బీచ్‌లో అల వెనక్కి పోయినప్పుడు ఇసుక మీద ఎర్రగా, నల్లగా చారలు కనిపిస్తాయే, ఆ ఎరుపు ఈ కొండలదే. అది తెలిశాక బీచ్‌కి వెళ్లినా కొండ దగ్గరికి వెళ్లినట్టే ఉండేది నాకు.

అమ్మ మాతో ఎప్పుడూ అడవిలోకి రాలేదు. ఆవిడ నడక వేరే. ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు, చెప్పులు లేకుండా. అడవివరం నుంచి ముడసర్లోవ మీదుగా హనుమంతవాకకి వచ్చే దారిలో కుడి పక్కన సింహాద్రి కొండ, ఎడమ పక్కన మా కంబాలకొండ. ఒక ఏడాది నేనూ అమ్మతో నడిచాను. వేలమంది జనం, గోవింద నామాలు, దారి పొడవునా మజ్జిగ ఇచ్చేవాళ్లు. ఎడమ పక్క కొండ మాత్రం చీకట్లో పడుకున్న గేదెలా కదలకుండా ఉంది. "మీ నాన్న గుడి అటుంది" అంది అమ్మ.

ఇక పిట్ట సంగతి.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, చలికాలం మొదట్లో ఒక రాత్రి మా పక్కింటి వరండాలో ఒక పక్షి పడి ఉంది. లైటు వెలుగుకి వచ్చి గోడకి కొట్టుకున్నట్టుంది. పిల్లులు చూడకముందే నాన్న దాన్ని తువ్వాలులో పట్టి తెచ్చాడు. అంత అందమైన పక్షిని నేను అంతకుముందు చూడలేదు. వీపు ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలం, కంటి మీదుగా నల్లటి పట్టీ, తెల్లటి గొంతు, పసుపు గోధుమ కలిసిన పొట్ట, తోక కింద కుంకుమ పూసినట్టు ఎరుపు. తోక అయితే ఉందా లేదా అన్నట్టుంది. "పొన్నంగి పిట్ట" అన్నాడు నాన్న. వాళ్ల ఊళ్లో దాన్ని మొండితోక పిట్ట అని కూడా అనేవాళ్లట. చెప్పుల అట్టపెట్టెకి చిల్లులు పొడిచి, లోపల గుడ్డ పరిచి, మూత పెట్టి చీకట్లో ఉంచాడు. "నీళ్లు పట్టకు, ముట్టుకోకు, ఊరికే ఒగ్గేయ్. బతకాలంటే దానికి చీకటే మందు" అన్నాడు.

రాత్రంతా నాకు నిద్ర లేదు. రెండుసార్లు లేచి పెట్టెకి చెవి ఆనించాను. రెండోసారి లోపల చిన్నగా గోళ్ల చప్పుడు వినిపించింది. తెల్లారగానే ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని బండి వెనక కూర్చున్నాను. మామూలుగా అయితే నాన్న బండి వేగంగానే నడుపుతాడు. ఆ రోజు ప్రతి గుంత దగ్గరా ఆపి దాటించాడు.

లోపల వెదురు పొదల దాకా తీసుకెళ్లి మూత తీశాం. అది వెంటనే ఎగరలేదు. పెట్టె అంచు మీదకి ఎక్కి, కిందకి దూకి, ఎండుటాకులు రెండు తిరగేసింది, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు. ఆ తర్వాత పొడవాటి కాళ్లతో గెంతుకుంటూ పొదలోకి పోయింది. చాలాసేపు నిలబడ్డాం. నేను ఇక వెళ్దామనుకుంటుండగా నాన్న చెవి పక్కన వేలు పెట్టాడు. పొదల్లోంచి రెండు స్వరాల ఈల. ఒకటి పైకి, ఒకటి కిందకి. మా పిట్టో, వేరే పిట్టో తెలియదు. నాన్న కళ్లు తడిశాయి. నేను చూడనట్టు నేల చూశాను.

ఇంజనీరింగులో చేరాక కాలేజీ లైబ్రరీలో ఒక పక్షుల పుస్తకం దొరికింది. అందులో చదివినది నన్ను కుర్చీలోంచి లేపింది. ఈ జాతి పక్షులకి శాస్త్రంలో పెట్టిన పేరే పిట్టా. 1816లో వియ్యో అనే ఫ్రెంచి పక్షి శాస్త్రవేత్త ఆ పేరు ఖాయం చేశాడు. ఆ మాట మన తెలుగు పిట్టే. ఆఫ్రికాలో, మలేసియాలో, ఆస్ట్రేలియాలో ఉన్న దాని చుట్టాలు కూడా, నలభైకి పైగా రకాలు, లోకమంతా పిట్టలే. మన పొన్నంగి పిట్ట పూర్తి పేరు పిట్టా బ్రాకియూరా. రెండో మాట గ్రీకు. అర్థం, పొట్టి తోకది. అంటే నాన్న వాళ్ల ఊరివాళ్లు పెట్టిన పేరూ, శాస్త్రం పెట్టిన పేరూ ఒకటే.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి పరుగెత్తాను. నాన్న స్నానం చేసి వస్తుంటే గుమ్మంలోనే అంతా చెప్పేశాను. తువ్వాలుతో తల తుడుచుకుంటూ శ్రద్ధగా విన్నాడు.

"పిట్టని పిట్టని అనకపోతే మరేటంటారు?" అన్నాడు.

అన్నాడే గానీ, రాత్రి అన్నం దగ్గర అమ్మకి చెప్తుంటే విన్నాను. "ఆస్ట్రేలియాలో కూడా పిట్టే అంటారటే. మన మాటే."

2014 అక్టోబరు 12 కూడా ఆదివారమే. ఆ రోజు కంబాలకొండకి వెళ్లలేదు. ముందు నుంచే తుఫాను హెచ్చరికలున్నాయి. ఉదయం నుంచి కిటికీ తలుపులకి తాళ్లు కట్టి, నలుగురం మధ్య గదిలో కూర్చున్నాం. హుద్‌హుద్ గాలి గంటకి 180 కిలోమీటర్ల వేగం దాకా వీచిందని తర్వాత పేపర్లలో చదివాం. ఆ గంటల్లో మాకు అంకెలేమీ తెలియవు. పక్కింటి రేకులు పోయాయి, ఎదురింటి నీళ్ల ట్యాంకు మా గోడ మీద పడింది. మధ్యాహ్నం గాలి ఒక్కసారి ఆగింది. తమ్ముడు తలుపు తియ్యబోతే నాన్న వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. అది తుఫాను కన్ను. కాసేపటికి గాలి రెండో వైపు నుంచి లేచింది. ఒక వైపుకి వంగి నిలబడిన చెట్లని రెండో వైపు నుంచి వచ్చి పడగొట్టింది. నాన్న గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఏమిటని అడిగితే, "అక్కడ ఎలాగుందో" అన్నాడు. ఎక్కడ అని ఎవరమూ అడగలేదు.

తర్వాతి రోజుల సంగతి విశాఖలో ఉన్న ఎవరిని అడిగినా చెబుతారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్ కోసం, పెట్రోలు కోసం లైన్లు. నాకు వాటన్నిటికన్నా గుర్తుండిపోయింది కొండల రంగు. శనివారం దాకా పచ్చగా ఉన్న కొండలు సోమవారం పొద్దున్నకి గోధుమ రంగులోకి మారిపోయాయి. ఆకన్నది లేదు. ఎవరో మంట పెట్టి ఆర్పేసినట్టుంది. హుద్‌హుద్ అంటే కూకుడుగువ్వ అనీ, ఆ పేరు ఒమన్ ఇచ్చిందనీ ఎవరో చెబితే నాన్న చాలా బాధపడ్డాడు. "గూళ్లన్నీ పీకేసిన దానికి పిట్ట పేరా?" అన్నాడు. నాకైతే ఒక్కటే దిగులు. పొన్నంగి పిట్టలు ఉత్తరాది నుంచి కిందకి దిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. రాత్రిపూట ఎగిరి వస్తాయి. ఆ వారం అవి ఎక్కడున్నాయో, ఎక్కడ దిగాయో.

మళ్లీ లోపలికి వెళ్లనిచ్చేసరికి చాలా రోజులు పట్టింది. మొదటి మలుపు దగ్గర నాన్న ఎప్పటిలాగే ఆగాడు. లారీల మోత తగ్గలేదు. రెండో మలుపులోనూ తగ్గలేదు. ఆ శబ్దాన్ని ఇన్నేళ్లూ ఆపింది ఆకులేనని అప్పుడు తెలిసింది. మేము పేర్లు పెట్టుకున్న చెట్లు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ నడిచాం. జంట నేరేళ్లలో ఒకటి వేళ్లతో సహా లేచిపోయి, ఆ వేళ్ల మధ్య ఎర్రటి రాళ్లు ఇరుక్కుని ఉన్నాయి. చీమల మద్ది సగానికి విరిగింది. అంకుడు చెట్టున్న చోట గుర్తు పట్టడానికి కూడా ఏమీ లేదు. ఎప్పుడూ నీడగా ఉండే దారి మీద ఎండ కుండతో కుమ్మరించినట్టు పడుతోంది. నాన్నకి దారి తప్పింది. చేతి వెనక భాగంలా తెలిసిన దారి అనుకున్నది, చెట్లు లేకపోయేసరికి ఎటు తిరగాలో తెలియక నిలబడిపోయాడు. గైడు వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "ఇటు అన్నా" అన్నాడు. ఆయన కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి.

ఆ రోజు మేం ఒక్క పక్షినీ వినలేదు.

నాన్న మానలేదు. నేను మానేద్దామన్నాను. చూడలేకపోయాను. "ఒంట్లో బాగులేని మనిషిని చూడ్డానికి ఎల్లమా? ఇదీ అంతే" అన్నాడు. వారం వారం వెళ్లాడు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగానికి వచ్చేశాక ఫోన్లో చెప్పేవాడు. విరిగిన మద్ది మోడు చుట్టూ చిగుళ్లు పుట్టుకొచ్చాయి. పడిపోయిన నేరేడు పడుకునే కొమ్మ వేసింది. ఎండ తగిలిన చోటల్లా లాంటానా, తీగలు అల్లుకుపోయి చిన్న మొక్కల్ని ఊపిరాడనివ్వడం లేదు. మూడో ఏడాది ఒక రాత్రి ఫోన్ చేసి, మామూలు మాటలన్నీ అయ్యాక, "ఇవాళ అరిసింది" అన్నాడు. ఏది అని నేనడగలేదు.

నాన్న రిటైరై ఆరేళ్లయింది. రెండేళ్ల క్రితం చెవుల డాక్టరు పరీక్ష చేసి, సన్నటి శబ్దాలు వినే శక్తి చాలావరకు పోయిందన్నారు. వర్క్‌షాపు చప్పుడులో ఏళ్ల తరబడి పని చేసినవాళ్లలో ఇది మామూలేనట. మిషను పెట్టుకుంటే మాటలు వినిపిస్తాయి. మిషనుతో అడవిలోకి వెళ్తే గాలి కూడా గరగరలాడుతుందని తీసి జేబులో పెట్టుకుంటాడు.

పోయిన వేసవిలో నేను వెళ్లినప్పుడు ఇద్దరం బయల్దేరాం. ఈసారి బండి నడిపింది నేను. మొదటి మలుపు దగ్గర ఆయన ఆగి కళ్లు మూసుకున్నాడు. భుజాలు దిగాయి. ఆకులు మళ్లీ దట్టంగా వచ్చాయి, లారీల మోత నిజంగానే తగ్గింది. ఆయనకి ఆ తేడా వినిపించిందో లేదో నేనడగలేదు. మోడు నుంచి లేచిన మద్ది ఇప్పుడు నాలుగు కాండాలతో నా రెండు నిలువుల ఎత్తుంది. దాని కింద నుంచి, వెదురు పొదల వైపు వెళ్తుంటే వినిపించింది. రెండు స్వరాలు. ఒకటి పైకి, ఒకటి కిందకి.

నాన్న నడుస్తూనే ఉన్నాడు.

చెయ్యి పట్టుకుని ఆపాను. తిరిగి చూశాడు. నా చెవి పక్కన వేలు పెట్టాను. ఆయన ముఖం ఒక్కసారి మారిపోయింది. వెంటనే అరచెయ్యి చెవికి దొన్నెలా పట్టి, తల కాస్త వంచి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అది మళ్లీ అరిచింది. ఆయన నా ముఖంలోకి చూస్తున్నాడు. అరిచిన ప్రతిసారీ నేను తల ఊపాను. అలా ఎంతసేపు నిలబడ్డామో తెలియదు.

బయటికొచ్చాక రోడ్డు పక్కన టీ తాగుతుండగా మిషను చెవిలో పెట్టుకుని అడిగాడు.

"ఎన్నిసార్లు అరిసింది?"

"తొమ్మిది."

"ఏ పక్కన?"

చూపించాను. గ్లాసు పట్టుకుని అటు తిరిగి కూర్చున్నాడు.